సూర్యఘర్ సోలార్‌తో రెండో వేసవి: లైను పోతే ఇదీ పోతుందని మాకు ఎవరూ చెప్పలేదు

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. మేం డాబా మీద సోలార్ పెట్టించింది బిల్లు తగ్గించుకోవడానికి కాదు, అది ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో ఉన్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, స్తంభాలు వరసగా ఒరిగిపోయి ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో. మోటారు లేక నీళ్లు లేవు, ఫోను చార్జింగు కోసం జనరేటరు ఉన్న ఇంటి ముందు నిలబడ్డాం. ఎప్పటికైనా మా ఇంటికి మా కరెంటు మాకుండాలి అని అప్పుడే గట్టిగా అనుకున్నాను. తర్వాత ఇళ్ల మీద సోలార్ పెట్టించుకోవడానికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం వచ్చింది. 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 ఇస్తుంది, దాని మీద ఒడిశా ప్రభుత్వం ఇంకో 60,000 కలుపుతుంది అని తెలిశాక, మా ఆయన వెనకాడుతున్నా నేనే పట్టుబట్టి, చీటీ ఎత్తి ముందు డబ్బు కట్టి 2025లో పెట్టించాను.

మొదటి ఏడాది చాలా సంతోషంగా గడిచింది, అందులో అబద్ధం లేదు. ఎండాకాలంలో రోజుకి 12, 13 యూనిట్లు వచ్చేవి. పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఫోన్‌లో యాప్ తెరిచి చూసుకోవడం అలవాటైపోయింది. ఇంకో మంచి సంగతి, దీన్ని మేం అనుకోనే లేదు: ప్యానెళ్ల నీడ పడటం వల్ల డాబా స్లాబు కాలడం తగ్గి, కింద అత్తయ్య పడుకునే గది రాత్రి పది అయ్యేసరికే చల్లబడుతోంది. ఇదివరకు అర్ధరాత్రి దాటినా గోడలు వేడిగానే ఉండేవి. నా మాట విని మా వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు పెట్టించుకున్నారు. ఇప్పుడు ఇది రాయడానికి సగం కారణం వాళ్లే.

ఈ వేసవిలో ఒకరోజు సాయంత్రం కాలవైశాఖి గాలి, అంటే ఎండాకాలం సాయంత్రాల్లో ఉన్నట్టుండి వచ్చే గాలివాన, వచ్చింది. అరగంట కూడా లేదు, కానీ మా వీధి చివర మామిడిచెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడింది, కరెంటు పోయింది. ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉన్నాయి, రెండు ఫ్యాన్లు అర్ధరాత్రి దాకా తిరిగి ఆగిపోయాయి. నాకేమీ టెన్షన్ లేదు. తెల్లారితే ఎండ వస్తుంది, మన సోలార్ ఉంది కదా అని అత్తయ్యకి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. తెల్లారింది, ఎండ వచ్చింది, ఎనిమిదింటికే కళ్లు తెరవలేనంత ఎండ. స్విచ్చి వేస్తే ఏమీ లేదు. ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడుకునేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లి చూస్తే ఎర్ర లైటు. మొదట పాడైపోయిందనుకున్నాను, పిడుగు ఏమైనా పడిందేమో అని భయం కూడా వేసింది. పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి తాపీగా "గ్రిడ్ లేకపోతే, అంటే లైన్లో కరెంటు లేకపోతే రాదు మేడమ్, అన్నీ అంతే" అన్నాడు. అన్నీ అంతే అయితే పెట్టేముందు ఆ ముక్క ఎందుకు చెప్పలేదు అని అడిగితే "మీరు అడగలేదు కదా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. తెలియని మనిషి ఏమని అడుగుతుంది?

అత్తయ్యకి షుగర్, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. మధ్యాహ్నానికి ఫ్రిజ్ లోపల చల్లదనం పోయింది. మట్టికుండలో సగం నీళ్లు పోసి, ఇన్సులిన్‌ని తడవకుండా చిన్న స్టీలు డబ్బాలో పెట్టి అందులో తేలనిచ్చి, పైన తడిగుడ్డ కప్పాను. నెత్తిన 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఎండకి మెరుస్తూ ఉండగా నేను కుండకి గుడ్డ తడుపుతూ కూర్చున్న ఆ రెండు రోజులు నేను మర్చిపోలేను. అత్తయ్య మాత్రం "పోనీలే అమ్మాయ్, ఇదివరకు ఇవన్నీ ఉన్నాయా" అంటూ నన్నే సముదాయించారు.

అసలు కారణం చెప్పింది కొమ్మ తీయడానికి వచ్చిన లైన్‌మ్యాన్. ఒడియా ఆయన, తెలుగు బాగా వచ్చు. "అమ్మా, మీ ప్యానెళ్ల కరెంటు లైన్లోకి వస్తే స్తంభం ఎక్కిన నేను బతుకుతానా" అన్నాడు. ఇలాంటి ఇన్వర్టర్ లైన్లో వచ్చే కరెంటుని చూసుకుని దానికి తగ్గట్టు నడుస్తుందట, లైను చచ్చిపోతే దానంతట అదే ఆగిపోవాలి, అది లోపం కాదు, అలా ఆగకపోతేనే లోపం. ఆ మాట విన్నాక మిషను మీద కోపం పోయింది. చెప్పనివాళ్ల మీద కోపం మాత్రం అలాగే ఉంది. లైను లేనప్పుడు కూడా ఇంటికి ఇవ్వాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, బ్యాటరీకి పథకంలో సబ్సిడీ లేదు. మొదటే తెలిసి ఉంటే ఇంకో ఏడాది ఆగి, డబ్బు కూడబెట్టి ఒకేసారి అదే పెట్టించేదాన్ని.

బిల్లు సున్నా అని నేను వీధంతా చెప్పాను కదా, అది కూడా కొంచెం సరిచేసుకోవాలి. వేసవి నెలల్లో వాడకం లెక్క సున్నాకి దగ్గరగా వచ్చిన మాట నిజమే, కానీ ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ కట్టాలి. శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో మూడు నాలుగు యూనిట్లే వచ్చాయి. ప్యానెళ్ల మీద దుమ్ము పడితే వచ్చేది తగ్గిపోతుంది, పదిహేను రోజులకోసారి నేనే డాబా ఎక్కి పొద్దున్నే కడుగుతాను.

కాగితాల సంగతి మన సరిహద్దు తెలుగువాళ్ల కోసం ఒక్క మాట. మీటరు మా మామగారి పేరు మీదే ఉండేది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. దాన్ని మా ఆయన పేరుకి మార్చుకున్నాకే దరఖాస్తు ముందుకు కదిలింది. ఇంకో చిక్కు, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంది, కరెంటు బిల్లులో ఒడియావాళ్లు రాసినట్టు ఇంటిపేరు చివరికి వెళ్లిపోయింది. మూడూ ఒకటి చేసుకోవడానికే రెండు నెలలు తిరిగాం. కేంద్రం డబ్బు ఆ తర్వాత తొందరగానే పడింది, రాష్ట్రం డబ్బుకి ఇంకా చాలా నెలలు ఆగాల్సి వచ్చింది. డబ్బు ముందు మనమే కట్టాలి కాబట్టి, మా చీటీ లేకపోతే వడ్డీకి తెచ్చుకోవాల్సి వచ్చేది.

ఎవరైనా అడిగితే ఇప్పటికీ పెట్టించుకోమనే చెబుతాను. మా ఇంట్లో పగలు మోటారు, మిక్సీ, అత్తయ్య గది ఫ్యాను, నేను కుట్టే మిషను అన్నీ నడుస్తాయి కాబట్టి మాకు కలిసొచ్చింది. పగలంతా తాళం వేసి ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు. నాలాగ తుఫాను కోసం పెట్టించుకునేవాళ్లు మాత్రం సంతకం పెట్టకముందు "లైను పోతే ఏం నడుస్తుంది" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. మా వీధిలో ఆ నాలుగిళ్లకీ వెళ్లి ఈ సంగతి నేనే చెప్పి వచ్చాను, ఒకావిడ ముఖం చూస్తే నాకే కష్టమనిపించింది.

ఇన్వర్టర్ ఒక్కటి హైబ్రిడ్‌కి మార్చి బ్యాటరీ పెట్టడానికి మాకు చెప్పిన ధర 80,000 పైనే. బరంపురం, రాయగడ వైపు ఎవరైనా అలా మార్చుకుని ఉంటే నెట్ మీటర్ (మనం లైనుకిచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కపెట్టే మీటరు) అనుమతి మళ్లీ మొదటినుంచి తీసుకోవాల్సి వచ్చిందా, ఎంత అయింది చెప్పండి. అక్టోబరు లోపల తేల్చుకోవాలని ఉంది.