భీమవరంలో అపార్ట్‌మెంటా, విడి ఇల్లా?

భీమవరంలో ఇల్లు వెతికేవారు ముందు అడగాల్సింది నీళ్ల సంగతి. చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పు. వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తే మున్సిపాలిటీ చెరువులో నిల్వ చేసిన నీరే దిక్కు. అపార్ట్‌మెంటులో ఆ బెంగ సంఘానిది: ట్యాంకరు, మోటారు, లిఫ్టు, వాచ్‌మన్ అన్నీ నెలవారీ మెయింటెనెన్సులోనే. విడి ఇంట్లో మోటారు కాలితే మెకానిక్కు కోసం మనమే తిరగాలి.

కానీ సంఘం ఉన్నచోట మేడమీద మాగాయ ముక్కలు ఎండబెట్టాలన్నా ఎవరో ఒకరికి అభ్యంతరం. ఖర్చుల లెక్క అడిగితే కార్యదర్శికి కోపం! పెద్ద సముదాయాల్లో మెయింటెనెన్సు నెలకు 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ కూడా పడవచ్చు.

విడి ఇంటికి పెరడు, కొబ్బరిచెట్టు ఉంటాయి, నిజమే. పిల్లలు దూరాన ఉన్న పెద్దవారికి మాత్రం అపార్ట్‌మెంటే చెబుతాను, లెక్కలు నోటీసు బోర్డులో పెట్టే సంఘమైతేనే.