నల్లగొండలో డిజైన్ పనికి నెట్‌లో దొరికినవి: ఏడేళ్లు వాడాక

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక మేడ మీది గదిలో 2018 నుంచి డిజైన్ పని చేస్తున్నాను. పెళ్లి కార్డులు, దుకాణాల లోగోలు, చీరల లేబుళ్లు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. మొదట్లో "ఫ్రీలాన్సర్లకు వంద ఉచిత టూల్స్" లాంటి వీడియో కనిపిస్తే చాలు, అన్నీ రాసిపెట్టుకునేదాన్ని. అలా దాచిన లింకులు రెండొందలు దాటాయి. వాటిలో ఇప్పుడు వారం వారం తెరిచేవి పది కూడా లేవు. ఆ కొన్నింటి గురించే రాస్తున్నాను.

ఏది తెరిచినా నేను ముందు చూసేది ఒకటే. డబ్బు తీసుకుని చేసే పనిలో దీన్ని వాడుకోవచ్చని వాళ్లు రాసి పెట్టారా? 2019లో ఒక రైస్ మిల్లు సంచి మీదకు వరిచేను ఫొటో కావాలంటే నెట్‌లో వెతికి కనిపించింది తీసి పెట్టేశాను. సంచులు అచ్చయి మార్కెట్‌కు వెళ్లాక ఆ ఫొటో తీసినాయన నుంచి మిల్లు వాళ్లకు మెయిల్ వచ్చింది. తప్పు నాది. మిగిలిన సంచుల నష్టం నేనే కట్టాను. ఆ నెల గది అద్దె మా అన్నయ్య ఇచ్చాడు.

అన్నింటికంటే ఎక్కువ మేలు చేసింది గూగుల్ ఫాంట్స్. మన దగ్గర డీటీపీ అంటే ఇప్పటికీ అను ఫాంట్లే. అందులో కొట్టిన మాటర్‌ను వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే, ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ ఫాంట్లు వరసగా కనిపిస్తాయి. పక్కనే లైసెన్స్ ఉంటుంది. అచ్చుకైనా, లోగోకైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. పోస్టర్ హెడ్డింగ్‌కు నేను రామభద్ర తీసుకుంటాను, చిన్న అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు. సురవరం అనే ఫాంటు కూడా ఉంది. మన పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు అది. మొదటిసారి చూసినప్పుడు చాలా సంతోషమేసింది.

అయితే ఫాంటు దించుకుంటే పని అయిపోదు. ఒకసారి ఒక గృహప్రవేశం ఫ్లెక్సీ ప్రింట్ షాపులో సగం బయటికొచ్చింది. ఇంటి పెద్దాయన దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపించాడు: "గిదేంది బిడ్డా, లక్ష్మి ఇట్ల ఇరిగింది?" చూస్తే 'క్ష' కింద ఉండాల్సిన మ వత్తు ఊడిపోయి, పొల్లు పెట్టిన 'క్ష్' పక్కన 'మి' విడిగా నిలబడి ఉంది. నాలుగడుగుల ఎత్తున. నాకు చెమటలు పట్టాయి. లోపం ఫాంటుది కాదని రాత్రంతా కూర్చుని వెతికితే తెలిసింది. అప్పటి ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట 'వరల్డ్ రెడీ లేఅవుట్' ఎంచుకోవాల్సి వచ్చేది. ఇంకా పాత వెర్షన్లలో అదే 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో మన భాషలకు పనికొచ్చే కంపోజర్ ఎంచుకోవాలి. ఉచితంగా వచ్చే ఇంక్‌స్కేప్‌లో ఈ బాధే లేదు, వత్తులు వాటంతటవే కూర్చుంటాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ప్రెస్‌కు పంపే ముందు అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే గీతల బొమ్మలుగా మార్చి పంపండి. అవతలి కంప్యూటర్‌లో మన ఫాంటు లేకపోయినా అచ్చు చెడదు.

రెడీమేడ్ డిజైన్లు ఇచ్చే కాన్వా సైట్ పెళ్లి వీడియోలకు, ఇన్‌స్టా పోస్టులకు హాయిగా ఉంటుంది. లోగోకు మాత్రం వద్దు. అందులోని రెడీమేడ్ బొమ్మలతో చేసిన లోగోను ట్రేడ్‌మార్క్ చేసుకోవడానికి వాళ్ల షరతులే ఒప్పుకోవు. ఈ సంగతి పుట్టపాక నుంచి వచ్చిన ఒక నేతన్న పని చేసేటప్పుడు తెలిసింది. అక్కడ నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ఊపులో తన సొంత పేరుతో లేబుల్ కావాలన్నాడు. కాన్వాలో చేసింది పక్కన పెట్టి, మగ్గం మీది చతురస్రాలు చూసి చేత్తో గీసి ఇచ్చాను. అదే పేరు ఇంకెవరికైనా ఉందేమోనని ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ సైట్ ఐపీ ఇండియాలో వెతికాం. ఆ వెతుకులాట ఉచితం. సరుకు రకాన్ని బట్టి క్లాసు ఉంటుంది: బట్టకు 24, తొడుక్కునే వాటికి 25. సైట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, సాయంత్రం పూట నత్తనడక. పొద్దున్నే తెరవడం మేలు.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు దగ్గరే ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలను ప్రభుత్వం నమోదు చేసే రిజిస్ట్రేషన్, విలువ తెలిసింది. ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ ఫీజు పెద్ద కంపెనీలకు ఒక్కో క్లాసుకు 9,000 రూపాయలైతే, విడి మనుషులకు, చిన్న పరిశ్రమలకు 4,500. చిన్న పరిశ్రమ అని చూపించేది ఉద్యం సర్టిఫికెట్టే. 2020 జులై నుంచి ఉన్న ఈ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు. ఆధార్, పాన్ ఉంటే పావుగంట పని. నేను మాత్రం సర్కారు సైటులాగే కనిపించే వేరే సైటులో 1,500 కట్టి చేయించుకున్నాను. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

ఉద్యం నా బాకీలకూ పనికొచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. రాత ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ. ఒక క్లయింటు ఏడు నెలలు "రేపు, ఎల్లుండి" అంటూ తిప్పాడు. బిల్లు కింద ఉద్యం నంబరు, ఈ నియమం రెండు వాక్యాల్లో రాసి, ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పాను. పదకొండో రోజు డబ్బు పడింది. ఇప్పుడు నా ప్రతి బిల్లు మీద ఆ రెండు వాక్యాలు ఉంటాయి.

ఫ్రీలాన్స్ పనులు దొరికే ఫైవర్ సైట్‌లో ఏడాది పాటు పని చేశాను. మన సంపాదనలో 20 శాతం కమిషన్, అది వాళ్లు ముందే చెబుతారు. ఊళ్లో పని దొరికే నాలాంటి వాళ్లకు లెక్క కుదరలేదు.

ఫొటోలకు అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ మంచివే. వ్యాపారానికి వాడుకోనిస్తారు. కానీ బతుకమ్మో, పానగల్లు గుడో కావాలంటే అక్కడ పెద్దగా దొరకవు. వికీమీడియా కామన్స్‌లో కొన్ని ఉంటాయి. ఒక్కో ఫొటో కింద షరతు చదవాలి. చాలావాటికి తీసినవాళ్ల పేరు వేయాల్సిందే, నేను కార్డు వెనక చిన్నగా వేస్తాను. ఆ కొరత చూసే పోయిన ఏడాది నుంచి వీలైన ఆదివారాల్లో పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి స్తంభాల మీది చెక్కడాలు ఫొటోలు తీసి కామన్స్‌లో పెడుతున్నాను. ఇప్పటికి నలభై ఒకటి ఎక్కాయి. పెళ్లి కార్డు అంచులకు ఎవరైనా వాడుకోవచ్చు.