కొళత్తూరులో ఫైటర్ చేప కొన్నాను: 5కి 3.5

చెన్నైలో రంగు చేపలంటే కొళత్తూరే. అక్కడ ఓ చిన్న షాపులో నీలం ఫైటర్ తీసుకున్నాను. చేప చురుగ్గా ఉంది. ఓనర్‌కి తెలుగు వచ్చు. “రెండు మగవాటిని పక్కపక్కన పెట్టకండి సార్, అద్దం అవతల కనిపించినా మొప్పలు విప్పి మీదికొస్తాయి” అని ముందే చెప్పారు.

నాది మందుల షాపు, అందుకే నాకు ఈ చేపంటే ఆసక్తి. డిప్రెషన్‌కి మనం వాడే ఫ్లూయాక్సెటిన్ నీళ్లలో కలిపితే ఫైటర్ల దూకుడు తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. (ఇంట్లో చేయకండి, ఆ మాత్రలు చీటీ లేకుండా నేనివ్వను.) ఈ మందు పనిచేసేది సెరటోనిన్ మీద, అంటే మెదడు కణాలు కబుర్లు పంపుకోడానికి వాడే ఒక రసాయనం మీద. వాటి వంశం, మన వంశం విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటినా సెరటోనిన్ రెండు మెదళ్లలోనూ పనిచేస్తోంది. తేడా అమరికలో ఉంది. మనకు సెరటోనిన్ తయారుచేసే కణాలు మెదడు కాండంలో (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) ఉంటాయి, చేపలకు హైపోథాలమస్‌లోనూ (మెదడు అడుగున ఉండే చిన్న భాగం) ఉన్నాయి. అంటే మన వైపు పరిణామం కొత్తవి చేర్చడమే కాదు, పూర్వీకుల్లో ఉన్న కొన్నిటిని వదిలేసింది కూడా.

మార్కులు తగ్గించింది ఎందుకంటే, అంత చెప్పిన మనిషే మగ చేపల్ని చిన్న కప్పుల్లో వరసగా పెట్టారు, మధ్యలో అట్టముక్క కూడా లేదు. అవి రోజంతా టెన్షన్‌లోనే! ఆదివారం రద్దీ, మామూలు రోజుల్లో వెళ్లండి.