ప్రదర్శనలో మనసు పడ్డ సోఫాలు, కుర్చీలు: ఏది మేలు?

ఫర్నిచర్ ప్రదర్శనకు వెళ్లినప్పుడు మొదటి గంట నేను దేని మీదా కూర్చోను. హాలంతా ఊరికే తిరుగుతాను. రంగులు, వంపులు, దీపాల కింద మెరిసే వెల్వెట్లు కళ్లను లాగుతూనే ఉంటాయి. ఆ మోజు కొంత తీరాక రెండో చుట్టు మొదలుపెడతాను. నచ్చిన దాని మీద పది నిమిషాలు కదలకుండా కూర్చుంటాను. లేచాక సోఫాను వెనక్కి వాల్చి అడుగు చూపించమని అడుగుతాను. కుషను జిప్పు తీయమంటాను. ఇలా అడిగినప్పుడు కొందరు మాట మారుస్తారు, కొందరు సంతోషంగా విప్పి చూపిస్తారు. పైన పటారం, లోన లొటారం అనే సామెత సోఫాలకు అతికినట్టు మరి దేనికీ అతకదు. గుడ్డ కప్పేశాక లోపల ఏముందో కొనేవారికి కనిపించదు మరి.

ఈసారి ఆ రెండో చుట్టులో అయిదు వస్తువులు నన్ను ఆపాయి. ఒక్క చెక్కముక్క కూడా లేకుండా పూర్తిగా ఫోమ్‌తో చేసిన పొట్టి సోఫా, చేత్తో కట్టిన స్ప్రింగుల సోఫా, ముక్కలు ముక్కలుగా విడదీసి కలుపుకునే సోఫా, ఇవి కాక రెండు కుర్చీలు. ఒకదానికి బుక్లే గుడ్డ, రెండోదానికి మొహైర్ వెల్వెట్. అయిదూ అందమైనవే. అయితే అన్నీ అందరికీ కావు.

ఫోమ్ సోఫా, స్ప్రింగుల సోఫా

ఫోమ్ సోఫా పసుపు, గోధుమ కలిసిన రంగులో, మడతలు మడతలుగా, నేలకు అతుక్కుని ఉంది. ఈ తరహా రూపాలు చూసినప్పుడల్లా మిషెల్ దుకరువా 1973లో లీన్ రోజే అనే ఫ్రెంచి ఫర్నిచర్ సంస్థ కోసం రూపొందించిన టోగో సోఫా గుర్తొస్తుంది. లోపల చట్రం ఉండదు. మెత్తదనంలో తేడా ఉన్న ఫోమ్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, పైన దూది పరుపులా కుట్టిన తొడుగు వేస్తారు. యాభై ఏళ్లు దాటినా ఆ ఆలోచన పాతబడలేదు. నేను చూసిన సోఫా కూడా ఆ దారిలోదే. కూర్చోగానే నడుం కిందికి జారుతుంది, భుజాలు వదులవుతాయి, కాళ్లు తమంతట తామే ముందుకు చాచుకుంటాయి. పుస్తకం పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా గడపడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. మూలలకు పదును లేదు కాబట్టి పసిపిల్లలు తిరిగే గదిలో నిశ్చింతగా వేసుకోవచ్చు. ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తి పక్క గదిలోకి మార్చేయవచ్చు.

చిక్కంతా లేచేటప్పుడు. ఇలాంటి సోఫాల్లో కూర్చునే ఎత్తు 38 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మామూలు సోఫాకు 42 నుంచి 45 దాకా ఉంటుంది. ఆ నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల తేడా యవ్వనంలో తెలియదు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి మాత్రం ప్రతిసారీ తెలుస్తుంది. పైగా పట్టుకుని లేవడానికి గట్టి చేతులు కూడా లేవు. అతిథులు వచ్చిపోయే ముందుగదిలో, పెద్దవాళ్లు రోజంతా కూర్చునే చోట నేను దీన్ని వేయించను.

ఇంకో సంగతి సాంద్రత. ఫోమ్‌కు సాంద్రత వేరు, గట్టిదనం వేరు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అది సాంద్రత. వేలితో నొక్కితే ఎంత ఎదురు తిరుగుతుందో అది గట్టిదనం. తేలికపాటి ఫోమ్‌ను కూడా గట్టిగా తగిలేలా తయారు చేయవచ్చు. స్టాల్లో కూర్చున్నప్పుడు అది బలంగా ఉన్నట్టే అనిపిస్తుంది. వాడకంలో పడ్డాక లోపలి గాలి గదుల గోడలు అలిసిపోయి, రోజూ కూర్చునే చోట గుంట పడుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఇంటికి నేను ఎంపిక చేసిన సోఫా రెండేళ్లకే ఇలా కుంగింది. గట్టిగా ఉంది కదా అని సాంద్రత అడగకుండా ఒప్పుకున్నాను. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గుంటను మాత్రం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచి కూర్చునే కుషనుకు ఘనపు మీటరుకు 35 కిలోలకు తగ్గని ఫోమ్ కావాలంటాను, ఆ అంకెను కాగితం మీద రాసివ్వమంటాను. మొత్తం ఫోమే అయిన సోఫాకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే దాన్ని మోసే చట్రం లేదు, స్ప్రింగు లేదు. ఫోమ్ అలిసిపోతే సోఫా అయిపోయినట్టే.

స్ప్రింగుల సోఫా కంటికి సాదాగా ఉంది. బూడిద రంగు నార గుడ్డ, నిటారు చేతులు, సన్నని కాళ్లు. చాలామంది దాని పక్కనుంచి ఆగకుండా వెళ్లిపోతుంటే నాకు బాధేసింది. కింద అల్లికలా బిగించిన జనపనార పట్టీలు. వాటి మీద వరుసగా నిలబెట్టిన స్ప్రింగులు. ఒక్కో స్ప్రింగును ముందుకు, వెనక్కు, రెండు పక్కలకు, నాలుగు మూలలకు, మొత్తం ఎనిమిది దిక్కులకు పురికొసతో లాగి ముడివేస్తారు. ఒక చోట బరువు పడితే చుట్టూ ఉన్న స్ప్రింగులు కూడా ఆ బరువును పంచుకుంటాయి. అందుకే కూర్చున్నప్పుడు మెత్తగా దిగి, ఒక చోట ఆగుతుంది. ఆ ఆగడంలోనే హాయి ఉంది. లేచేటప్పుడు కింద నుంచి ఎవరో చిన్నగా ఆసరా ఇచ్చినట్టుంటుంది.

చేతిముడుల పేరు చెప్పగానే మురిసిపోవడం కూడా సరికాదు. పాములా మెలికలు తిరిగిన తీగ స్ప్రింగులను చట్రానికి ఆ చివర నుంచి ఈ చివరకు బిగించే పద్ధతి ఒకటుంది. ఇప్పుడు వచ్చే సోఫాల్లో చాలా వాటికి అదే వాడతారు. మంచి తీగతో దగ్గర దగ్గరగా బిగిస్తే, శ్రద్ధ లేకుండా కట్టిన చేతిముడుల కన్నా అదే మేలు. సాగే పట్టీలను కూడా తీసిపారేయనక్కర్లేదు. మార్కో జనూసో 1951లో ఆర్‌ఫ్లెక్స్ అనే ఇటాలియన్ సంస్థ కోసం చేసిన ‘లేడీ’ అనే కుర్చీ రబ్బరు ఫోమ్, సాగే పట్టీల మీద నిలబడి, ఆ ఏడాది మిలాన్‌లో జరిగిన ట్రియెన్నాలే డిజైన్ ప్రదర్శనలో బంగారు పతకం గెలుచుకుంది. స్ప్రింగుల బరువు లేకుండా సన్నని, తేలికైన రూపాలు రావడానికి ఆ పద్ధతే దారి తీసింది. కాబట్టి పేరును పట్టుకోకుండా పనితనం చూడాలి. అడుగున కట్టిన నల్లగుడ్డను ఒక మూల విప్పి చూపిస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చట్రం ఆరబెట్టిన గట్టి కలపేనా, మూలల్లో త్రికోణపు దిమ్మెలు జిగురుతో, స్క్రూలతో బిగించారా, లేక పిన్నులు మాత్రమే కొట్టారా అని చూస్తాను.

ఈ సోఫాకు ఒక లోపం ఉంది. కుషనులో ఫోమ్ గుండె చుట్టూ ఈకల పొర ఉంది. మొదటి స్పర్శకు అది స్వర్గమే, కానీ రోజూ తట్టి, దులిపి, తిప్పి వేయకపోతే నలిగిన దిండులా మిగులుతుంది. అంత ఓపిక లేనివారు ఈకలకు బదులు కృత్రిమ దూది పొర వేయించుకోవడం మేలు. బరువు కూడా ఎక్కువే. కొనే ముందు తలుపు వెడల్పు, మెట్ల మలుపు కొలుచుకోవాలి.

ఈ రెండింటిలో ఒకటి తీసుకోమంటే నేను స్ప్రింగుల సోఫా వైపే నిలబడతాను. పదేళ్లకు పురికొస తెగితే మళ్లీ కట్టవచ్చు, కుషను కుంగితే అదొక్కటే మార్చవచ్చు, గుడ్డ మాసిపోతే కొత్తది వేయించవచ్చు. సోఫా పని తెలిసిన మేస్త్రి చేతికి అందులో ప్రతిదీ అందుతుంది.

విడిపోయే సోఫా

మూడోది చదరపు దిండ్లలాంటి ముక్కల సోఫా. మారియో బెల్లీని 1970లో రూపొందించిన కమలియోండా సోఫా ఈ కుటుంబానికి పెద్దమ్మలాంటిది. ఊసరవెల్లి, అల అనే రెండు ఇటాలియన్ మాటలను కలిపి ఆ పేరు పెట్టారు. కొక్కేలు, రింగులు, తీగలతో ముక్కలను ఎలా కావాలంటే అలా కలపవచ్చు, విప్పవచ్చు. 2020లో బీ అండ్ బీ ఇటాలియా సంస్థ దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు లోపలి భాగాలు విడివిడిగా తీయగలిగేలా తయారు చేసింది. నేను చూసిన కొత్త సోఫా అంత ఘనమైనది కాదు గానీ, ముక్కలను కలిపే లోహపు పట్టీ మీద శ్రద్ధ కనిపించింది. వేలితో నొక్కితే విడిపోతుంది, కూర్చుంటే మాత్రం ముక్కల మధ్య సందు విచ్చుకోదు. చవకరకం వాటిలో ఆ సందే పెద్ద బాధ. సినిమా సగంలోకి వచ్చేసరికి ఇద్దరి మధ్య ఒక కాలువ ఏర్పడుతుంది.

తరచూ ఇల్లు మారేవారికి, ఇవాళ ముగ్గురు, రేపు ఎనిమిది మంది కూర్చునే ఇంటికి ఇదే సరైనది. ఒక ముక్క పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కొనేటప్పుడే ఒకటి రెండు తొడుగులు అదనంగా తీసుకోమని నా సలహా. తర్వాత తీసుకుందామంటే అదే రంగు అద్దకం దొరకడం కష్టం. చిన్న గదికి మాత్రం దీన్ని వద్దంటాను. ఒక్కో ముక్క దాదాపు మీటరు పొడవు, మీటరు వెడల్పు. రెండు ముక్కలు వేయగానే నడిచే దారి మూసుకుపోతుంది.

బుక్లే కుర్చీ, మొహైర్ కుర్చీ

బుక్లే అంటే చిన్న చిన్న చుట్టలు తిరిగిన నూలుతో నేసిన గుడ్డ. గుండ్రటి తెల్లని కుర్చీ మీద అది గొర్రెపిల్ల ఒంటిలా ఉంది. ముట్టుకోకుండా ఉండలేం. అయితే ఆ చుట్టలే దాని బలహీనత. పిల్లి గోరు, గాజు అంచు, జీన్సు వెనక జేబు గుండీ, ఏది తగిలినా పోగు లేస్తుంది. లేచిన పోగును లాగకూడదు, సూదితో లోపలికి తోయాలి.

స్టాల్లో పెట్టిన కార్డు మీద మార్టిండేల్ 50,000 అని గొప్పగా రాశారు. ఆ అంకె ఏమిటో తెలుసుకోవాలి. గుడ్డ ముక్క మీద ఉన్ని గుడ్డను గుండ్రంగా తిప్పుతూ రుద్ది, పోగులు తెగేదాకా ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టే పరీక్ష అది. ఇంట్లో రోజువారీ వాడకానికి 20,000 నుంచి 25,000 దాకా ఉంటే చాలు. అమెరికాలో వైజెన్‌బీక్ అనే వేరే పరీక్ష వాడతారు, అందులో ముందుకూ వెనక్కూ రుద్దుతారు. ఈ రెండింటి అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. రెండింటిలో ఏదీ గోరు తగిలి పోగు లేవడాన్ని కొలవదు. బుక్లే కుర్చీకి ఉన్న అసలు ప్రమాదం ఆ కార్డులో లేనే లేదు.

మొహైర్ అంగోరా మేక వెంట్రుకల నుంచి వస్తుంది. ముదురు ఆకుపచ్చ రంగు వేసిన ఆ కుర్చీకి వీపు ఎత్తుగా, రెండు పక్కలా చెవుల్లా రెక్కలతో ఉంది. నూలు వెల్వెట్ మీద కూర్చుని లేస్తే నూగు అణిగి మచ్చలా కనిపిస్తుంది. మొహైర్ నూగుకు నిలదొక్కుకునే గుణం ఎక్కువ. అణిగినా కాసేపట్లో లేస్తుంది, వెలుగు పడితే లోపలి నుంచి మెరుస్తుంది. చేత్తో రాస్తే కొద్దిగా గరుకు. చర్మం సున్నితమైనవారు ముందుగా మోచేయి ఆనించి చూసుకోవాలి. నేను దాదాపు అరగంట అందులోనే ఉండిపోయాను. పాదాలు నేలకు ఆనాయి, మోకాలి వెనక రెండు వేళ్ల సందు మిగిలింది, తల పక్క రెక్కకు ఆనింది. కుర్చీ లోతు సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఆ రెండు వేళ్ల కొలత చాలు.

ఈ జంటలో నాకు సందేహం లేదు, మొహైరే. బుక్లేను ఎవరూ ఎక్కువగా కూర్చోని పడకగది మూలకు, పెంపుడు జంతువులు లేని ఇంటికి మాత్రమే చెబుతాను. అది కూడా పూర్తి తెలుపు వద్దు, దుమ్మును కాస్త దాచే గోధుమ రంగు మేలు. తోలు తొడిగిన పొడవాటి బల్ల కూడా ఒకటి చూశాను. రంగు పైపూత లేని అనిలిన్ తోలు అది. చాలా అందంగా ఉంది, కానీ ఒక్క నీటి చుక్కకే మరక పడుతుంది. ఆ మరకలను కూడా వయసుతో వచ్చిన అందంగా చూడగలిగినవారికే అది తగినది.

మొహైర్‌లో నాకున్న సంకోచం ఎండ గురించే. ముదురు ఆకుపచ్చ కిటికీ పక్కన వెలిసిపోతుందేమో. వెలుగుకు రంగు ఎంత నిలుస్తుందో 1 నుంచి 8 దాకా అంకెల్లో చెబుతారు. కిటికీ దగ్గర వేసే వస్తువుకు 5కు తగ్గకూడదని నా నియమం. స్టాల్లో ఉన్నవాళ్లు 5 అన్నారు. నమూనా గుడ్డ అడిగి తెచ్చుకున్నాను. సగం అట్టతో కప్పి, దక్షిణపు కిటికీ గూట్లో పెట్టాను. రెండు నెలల తర్వాత అట్ట తీస్తాను. రెండు సగాలూ ఒకే రంగులో ఉంటే, ఆ కుర్చీకి అదే రోజు ఆర్డరు పెడతాను.