స్మోకీస్ వెళ్తే ఈసారి చెరోకీ ఊళ్ళో దిగి చూడండి

అట్లాంటా నుంచి స్మోకీ పర్వతాలకు మూడుసార్లు వెళ్ళాం, మూడుసార్లూ బస టెన్నెసీ వైపున్న గాట్లిన్‌బర్గ్‌లోనే. నార్త్ కరోలినా వైపున్న చెరోకీ, అదే పేరున్న అమెరికా ఆదివాసీ తెగ వాళ్ళ ఊరు. అదంటే మాకు గ్యాస్ కొట్టించుకుని, కాఫీ తాగి కొండెక్కే చోటు, అంతే. ఈ అక్టోబరులో రెండు రాత్రులూ అక్కడే ఉన్నాం.

ఊళ్ళోకి రాగానే బోర్డు మీద వింత అక్షరాలు చూసి మా పాప, "జీ, డబ్ల్యూ, వై అంటే ఏంటి నాన్నా?" అంది. నేనూ తెల్లమొహం వేశాను. మర్నాడు మ్యూజియంలో తెలిసింది, అది "త్సలగి", అంటే చెరోకీ అని! ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా అనే ఆయన 1821 నాటికి తన చెరోకీ భాషకు లిపి తయారుచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 గుర్తులు. 'స్' ఒక్కటి తప్పిస్తే ప్రతిదీ మన అక్షరంలాగే అచ్చుతో కలిసి పలుకుతుంది. గుణింతం మాత్రం లేదు, గ, గి, గు మూడూ పొంతన లేని మూడు బొమ్మలు. 1828కల్లా ఆ లిపిలో పత్రిక కూడా అచ్చయింది.

మ్యూజియానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. సమాధుల్లోంచి తవ్వి తీసినవాటిని ప్రదర్శన నుంచి తొలగించి, ఆ చోట ఇప్పటి చెరోకీ కళాకారుల పనులు పెట్టారు. నాకది బాగా నచ్చింది. వీళ్ళ భాషకు దగ్గరి చుట్టాలు ఉత్తరాది తెగల మోహాక్, సెనెకా భాషలు. అందుకే పూర్వీకులు వేల ఏళ్ళ క్రితం గ్రేట్ లేక్స్ వైపు నుంచి దిగి వచ్చారని భాషావేత్తలంటారు. చెరోకీలు మాత్రం తమ తల్లి ఊరు ఇక్కడి కిటువాయే అంటారు.

ఓకొనలుఫ్టీ ఇండియన్ విలేజ్ 1760ల నాటి ఊరికి నమూనా. చలికాలంలో మూసేస్తారు. ఒకావిడ నది రెల్లును కత్తితో నిలువునా చీల్చి, పైపొరను రిబ్బనులా లాగుతోంది. ఒక్క బుట్టకు అలాంటివి ఎన్ని కావాలో! మ్యూజియం ఎదురుగా 1946లో పెట్టిన చేతిపనుల సహకార సంఘం కొట్లో ధరలు చూసి గుండె గుభేలుమన్నా, ఆవిడ వేళ్ళు గుర్తొచ్చి బేరం మాట ఎత్తలేదు. రోడ్డు పక్క కొట్లలో అమ్మే ఈకల కిరీటాల జోలికి పోకండి, అవి మైదాన తెగలవి, చెరోకీలవి కావు.

కాసినో హోటల్ వారాంతపు రేటు మాకు అందలేదు. ఏటి ఒడ్డున ఒక మోటెల్ తీసుకున్నాం. బాల్కనీ, నీళ్ళ చప్పుడు బాగున్నాయి గానీ గదంతా సిగరెట్ కంపు. మార్చమంటే ఇంకో గది ఇచ్చారు, అదీ అంతే. తిండికి బీన్ బ్రెడ్ దొరికింది. మొక్కజొన్న పిండిలో బీన్స్ కలిపి ఉడికించిన కుడుము అనుకోండి. పంది కొవ్వు వేస్తారేమో ముందే అడగండి. మేం మాత్రం కారప్పొడి చల్లుకుని లాగించాం.

స్మోకీస్‌లోని కువోహీ శిఖరం మీద పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. స్మోకీస్ నేషనల్ పార్కులో ప్రవేశం ఉచితమే అయినా, పావుగంట దాటి బండి ఆపాలంటే రోజుకు 5 డాలర్ల ట్యాగ్ తప్పనిసరి.

ఈ ఊరు ప్రభుత్వం ఆదివాసులకని కేటాయించిన భూమి (రిజర్వేషన్) అనుకునేవాణ్ణి. కాదట. 1838లో సైనికులు దాదాపు 16,000 మంది చెరోకీలను పడమటికి తోలేశారు. దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4,000 మంది పోయారని అంచనా. కొండల్లో మిగిలినవాళ్ళకు తమ పేరున భూమి కొనే వీల్లేక, వాళ్ళ పెద్ద యోనగుస్కా పెంచుకున్న విలియం హాలండ్ థామస్ అనే తెల్ల వర్తకుడి పేరు మీద కొనిపించుకున్నారు. కిటువాలో పూర్వీకులు పోసిన మట్టిదిబ్బ ఉన్న 309 ఎకరాలనూ 1996లో డబ్బు కట్టే వెనక్కి తెచ్చుకున్నారు.

బ్రైసన్ సిటీ దారిలో ఉంది ఆ పొలం. టికెట్టూ లేదు, కొట్టూ లేదు. ఏళ్ళ తరబడి నాగళ్ళు నడిచి దిబ్బ అరిగిపోయింది. దాని ముందే నిలబడి మా పాప అడిగింది, "దిబ్బ ఎక్కడ నాన్నా?"