అక్వేరియం మొక్కల కాంబో ప్యాక్: మొక్కలు బాగున్నాయి, చీటీని మాత్రం నమ్మొద్దు

అనుబియాస్ నానా, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా నాలుగూ కలిపి వచ్చే ప్యాక్ రెండు నెలల కిందట తెప్పించాను. తడి పేపర్‌లో చుట్టి జాగ్రత్తగా పంపారు, ఒక్క ఆకు కూడా వాడిపోలేదు, వేర్లు తెల్లగా గట్టిగా ఉన్నాయి. మొక్కల వరకు వంక పెట్టడానికేమీ లేదు.

నా కోపమంతా లోపల పెట్టిన చీటీ మీదే. మొక్కలన్నీ గ్రావెల్‌లో (ట్యాంకు అడుగున పరిచే చిన్న గులకరాళ్ళు) లోతుగా నాటమని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకిదే మొదటిసారి కాబట్టి నమ్మి అలాగే నాటేశాను. అనుబియాస్‌కీ జావా ఫెర్న్‌కీ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఉంటుంది, రైజోమ్ అంటారు, అది గ్రావెల్‌లో కూరుకుపోతే కుళ్ళిపోతుంది, వేర్లు లోపలికి వెళ్లినా పర్లేదు గానీ కాండం మాత్రం బయటే ఉండాలి. మూడో వారంలో ఆకులు పసుపుబారుతుంటే అనుబియాస్‌ని పైకి తీసి చూశాను, వేలితో నొక్కగానే కాండం ఒక చివర మెత్తగా చితికిపోయింది, ఒకటే కంపు. కుళ్ళిన ముక్క బ్లేడుతో కోసేసి, గట్టిగా ఉన్న భాగాన్ని కాటన్ దారంతో రాయికి కట్టాను. ఇప్పుడు మూడు కొత్త ఆకులు వేసింది. జావా ఫెర్న్‌ని కూడా తీసి చెక్కకి కట్టేశాను.

క్రిప్టోకొరైన్ అయితే ఇంకా టెన్షన్ పెట్టింది. వారం తిరక్కుండానే ఆకులు గాజులా పలచబడి, తాకితే ఊడి చేతికొచ్చేశాయి. చచ్చిపోయిందనుకుని పీకేయబోయాను, ఆగడం మంచిదైంది. నర్సరీల్లో వీటిని చాలావరకు నీళ్ళలో ముంచకుండా బయటే పెంచుతారు, మునిగేలా నాటగానే పాత ఆకులు కరిగిపోవడం మామూలే, వేర్లు బతికే ఉంటాయి. కరిగిన ఆకులు మాత్రం తీసేసి వేర్లు కదపకుండా వదిలేస్తే నెలకల్లా మధ్యలోంచి సన్నటి గోధుమరంగు చిగుళ్ళు లేచాయి, ఆ రోజు ట్యాంకు ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. ఈ సంగతి చీటీలో ఒక్క లైను రాసుంటే నాకంత కంగారు ఉండేది కాదు!

వాలిస్నేరియాకి ఇబ్బందే లేదు, ఆకులు మొదలయ్యే చోటు పైకి ఉండేలా నాటితే చాలు, ఇప్పటికే పక్కకి పిల్లలు పెడుతోంది.

కుండీల్లో వచ్చే వాటికి వేళ్ళ చుట్టూ దూదిలాంటి రాక్‌వూల్ ఉంటుంది, ఓపిగ్గా మొత్తం తీసేయండి. ఆకుల వెనక జిగురు ముద్దల్లా నత్త గుడ్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి, నాకు ఒక ఆకు కింద దొరికాయి. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు మించి వేయకండి, ఎక్కువైతే నాచు పట్టేస్తుంది.

5కి 4 ఇస్తున్నాను, తగ్గిన ఆ ఒక్కటీ చీటీకే. మళ్ళీ ఇదే ప్యాక్ కొంటాను.