పాత బాల్ వైస్: దవడలు రెండూ కలిసి కదిలితేనే

చెక్కుడు పని చేసేవాళ్లకు బాల్ వైస్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకైతే, చెక్కే వస్తువును పైనున్న రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే, ఎటైనా తిరిగే గుండు లాంటి పరికరం అది. నాకు దాంట్లో నచ్చేది ఒక్కటే, అడ్డంగా ఉండే స్క్రూ. దానికి సగం కుడి మర, సగం ఎడమ మర, అంటే చుట్లు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఉంటాయి. కీ తిప్పితే రెండు దవడలూ ఒకేసారి నడిమికి వస్తాయి. వెండి కుంకుమ భరిణె మూతను వాటి మధ్య పెట్టి బిగిస్తే అదే మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. గ్రేవర్ (చెక్కే సన్నటి ఉలి) పట్టిన చెయ్యి కదలదు, కింద గుండే తిరుగుతుంది. 'శ్రీ' మెలిక ఎక్కడా తెగదు.

మేముండేది న్యూజెర్సీలో. ఒకప్పుడు నగల తయారీకి నెవార్క్ పెట్టింది పేరు కాబట్టి పాత సామాన్ల అమ్మకాల్లో ఇలాంటివి ఇంకా తగులుతుంటాయి. నాదాని మీద కంపెనీ పేరు లేదు. దవడల అడుగున మాత్రం రెండింటికీ ఒకేలా రెండు చుక్కలు కొట్టి ఉన్నాయి, జత తప్పకుండా పెట్టిన గుర్తులా ఉంది.

కొన్నేళ్లు హాయిగా నడిచాక ఎడమ మర అరిగిపోయింది. ఒక దవడ వెనకబడటం, భరిణె పక్కకు జరగడం, గీత వంకర పోవడం. పాత స్క్రూ ఇచ్చి అచ్చం ఇలాంటిదే చేయమని ఒక లేత్ షాపుకు వెళ్లాను. మెరిసిపోతూ వచ్చింది. ఒక దవడ ఎక్కింది, రెండోదానికి ఎంత తిప్పినా మర పట్టదే! "దవడలో మర పాడైంది సార్, కొత్తగా కోసి ఇస్తాం" అన్నారు. ఎందుకో అనుమానమొచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తదానికి రెండు వైపులా కుడి మరే! వాళ్లన్నట్టు కోయించి ఉంటే దవడలు రెండూ ఒకే దిక్కుకు పరుగెత్తేవి. ఇంకో చోట సరిగ్గా చేయించాను. అయినా ఎడమ దవడ ఇప్పటికీ ఓ పిసరు ఆలస్యంగానే కదులుతుంది. 'జీవితాంతం పనిచేస్తుంది' అని అందరికీ చెప్పిన మాటకు ఇప్పుడు 'స్క్రూ బాగుంటే' అని కలుపుతున్నాను.

వైస్‌తో పాటు వచ్చిన డబ్బాలో వోతియే, ఇ.సి. మల్లర్ అనే కంపెనీల ముద్రలున్న గ్రేవర్లు ఉన్నాయి. అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న నిబంధన 1891 నుంచి అమలైంది. కాబట్టి 'స్విట్జర్లాండ్' అని కొట్టి ఉంటే దాదాపుగా ఆ తర్వాతిదే. కొన నీలం తిరిగినవి మాత్రం ఎంత మంచి ముద్ర ఉన్నా అనుమానించాలి. గ్రైండర్ వేడికి పదును నిలిపే గట్టిదనం పోయి ఉంటుంది, అంతవరకూ అరగదీస్తే గానీ పనికి రాదు.

నేను చెక్కేది గృహప్రవేశాలకిచ్చే వెండి సామాను మీద పేర్లు, అదీ సెలవు రోజుల్లో. నాకిది చాలు. రోజూ ఇదే పనిగా బతికేవాళ్లయితే బేరింగ్ ఉన్న కొత్తది తీసుకోండి. పాతదే కావాలంటే, డబ్బులిచ్చే ముందు కీ అడిగి ఒక్క పావు చుట్టు తిప్పి చూడండి. దవడలు రెండూ ఒకేసారి కదలకపోతే బేరం తగ్గించండి, లేదంటే వదిలేయండి.